పేగు ఎంత మిగిలింది?

రక్తనాళంలో గడ్డ అడ్డుపడి పేగు కుళ్లినప్పుడు, పేగు మెలిపడినప్పుడు, క్రోన్స్ వ్యాధి ముదిరినప్పుడు చెడిన భాగాన్ని కోసి తీసివేయక తప్పదు. ప్రాణం నిలిపిన శస్త్రవైద్యునికి నమస్కరించవలసిందే. నా అభ్యంతరం ఆ తరువాత చేతికిచ్చే డిశ్చార్జి కాగితం మీద. చిన్నపేగులో కొంత భాగం తొలగించామని ఒక వాక్యం, బలమైన ఆహారం, ద్రవపదార్థాలు ఎక్కువగా తీసుకోవాలని మరొక వాక్యం. మొదటిది అసంపూర్ణం. రెండవది కొందరికి ప్రమాదకరం.

చిన్నపేగు పొడవు అందరికీ ఒకటి కాదు. ఒకరికి మూడు మీటర్లుంటే మరొకరికి ఎనిమిది ఉండవచ్చు. ఇద్దరికీ రెండు మీటర్లు తీసివేస్తే మొదటివారికి మిగిలేది ఒక మీటరు, రెండవవారికి ఆరు. అందుచేత తీసిన లెక్క ఒక్కటే ఏమీ చెప్పదు. మిగిలినది రెండు మీటర్లకు తగ్గితే పేగు వైఫల్యం ముప్పు పొంచి ఉన్నట్లే. పోషకాలను గాని, నీటిని, లవణాలను గాని చాలినంతగా పీల్చుకోలేక, వాటిని రక్తనాళం ద్వారా ఎక్కించక తప్పని స్థితికే పేగు వైఫల్యమని పేరు. మూత్రపిండాల జబ్బు అనగానే క్రియాటినిన్ ఎంతని అడగడం నేర్చుకున్నాము. పేగు విషయంలో మాత్రం కొలత అడగము.

ఇక నీళ్ల సంగతి. చిన్నపేగు పైభాగపు గోడ వదులుగా ఉంటుంది. అక్కడికి చేరిన ద్రవంలో ఉప్పు తక్కువైతే, శరీరంలోని సోడియమే పేగులోకి ఊరుతుంది. దాని వెంట నీరూ పోతుంది. కింది భాగమూ పెద్దపేగూ ఉంటే ఆ నష్టాన్ని పూడుస్తాయి. అవి లేక పొట్టపై స్టోమా ఉన్నవారు మంచినీళ్లు, టీ, కొబ్బరినీళ్లు ఎంత తాగితే సంచి అంత నిండుతుంది. దాహం పెరుగుతుంది. ఇంట్లోవారు ప్రేమతో ఇంకో గ్లాసు అందిస్తారు. రోగి నీళ్లు తాగుతూనే ఎండిపోతాడు. తీపి పండ్లరసాలదీ ఇదే కీడు.

గ్లూకోజుతో కలిసినప్పుడే సోడియం చక్కగా లోపలికి పోతుంది. ఈ సూత్రంపై నిలిచిన ద్రావణంతోనే 1971లో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో దిలీప్ మహలనబిస్ కలరా రోగులను బతికించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నేటి ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 75 మిల్లీమోల్ సోడియం ఉంటుంది. స్టోమా ఎక్కువగా పోయేవారికి 90కి తగ్గరాదు. లీటరు నీటికి 20 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా కలిపితే అది సమకూరుతుంది. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు వైద్యుని అనుమతి లేకుండా దీనిని తాగరాదు.

అత్యవసర శస్త్రచికిత్సలో కొలవడానికి తీరిక ఎక్కడిదని కొందరు వైద్యమిత్రులు అంటారు. మిగిలిన పేగును కొలవడం కొన్ని నిమిషాల పని. ఆనాడు రోగి పరిస్థితి అనుమతించకపోతే, తరువాత స్కాన్ ద్వారా అంచనా వేయవచ్చు. అడిగేవారు లేకపోవడమే అసలు కొరత. ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకున్న తీపి పానీయాలపై హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి అడిగారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడరాదని ఆదేశించింది.

కనుక మీవారికి పేగు కోసినట్లయితే ఇంటికి బయలుదేరే ముందే మూడు ప్రశ్నలు వేయండి. చిన్నపేగు ఎన్ని సెంటీమీటర్లు మిగిలింది? ఏ భాగం మిగిలింది? పెద్దపేగు దానితో కలిసి ఉందా? జవాబులను కాగితంపై రాయించుకోండి. ఇంటివద్ద రోజూ బరువు, మూత్రం, స్టోమా కొలవండి. స్టోమా లీటరున్నర దాటినా, మూత్రం లీటరుకు తగ్గినా ఆలస్యం చేయకండి. పోషకాలు ఎక్కించే గొట్టం ఉన్నవారికి చలిజ్వరం వస్తే ఆ గంటలోనే ఆసుపత్రికి చేర్చండి. మిగిలిన పేగు ఏడాది రెండేళ్లలో తన శక్తిని కొంత పెంచుకుంటుంది. అంతవరకు రోగిని నిలబెట్టవలసిన బాధ్యత వైద్యులది, మనది.