వరదలును గణితమును

గణితము పరీక్షలో ఉత్తీర్ణులగుటకే గాని జీవితమున అక్కరకు రాదని పలువురు విద్యార్థులు తలంచుచున్నారు. ఇంజనీర్లకు పనికివచ్చునని ఒప్పుకొనువారు సైతము, వంతెన పొడవును, గోడకు వలసిన ఇటుకలను లెక్కించుటయే దాని పని యనుకొందురు. నా అభిప్రాయము వేరు. ఎంత కట్టవలెనో చెప్పుట గణితమునకు చిన్న పని. అసలు కట్టవలెనా, మానవలెనా యని తేల్చుట పెద్ద పని.

1926వ సంవత్సరమున నేటి ఒడిశాలోని బ్రాహ్మణీ నదికి గొప్ప వరద వచ్చెను. కారణమును విచారించిన ఇంజనీర్లు, నదిగర్భము మేటవేసి పైకి లేచినదనియు, కావున కరకట్టలను పలు అడుగుల ఎత్తు పెంచవలెననియు నిశ్చయించిరి. వారు అనుభవశాలురు, వారి మాట వినుటకు సహేతుకముగనే యుండెను. ఆ సమస్యను ప్రశాంత చంద్ర మహలనోబిస్ పరిశీలనకు పంపిరి. ఆయన కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము బోధించువాడు. కట్టలు కట్టినవాడు కాడు. 1922లో ఉత్తర వంగదేశమున వరదలు వచ్చినపుడు సుమారు 50 సంవత్సరముల వర్షపాతమును పరిశీలించి, నీటిని నిలుపుటకు తలపెట్టిన జలాశయములు అచట నిష్ప్రయోజనములనియు, నీరు త్వరగా పోవు మార్గమే కావలెననియు అంతకుముందే చూపియుండెను.

బ్రాహ్మణి విషయమున ఆయన సుమారు 60 సంవత్సరముల వర్షపాతమును, వరదలను లెక్కలోనికి తీసికొనెను. ఇందలి తర్కము ఎనిమిదవ తరగతి వారికి అందనిది కాదు. నదిగర్భము నిజముగా పూడినచో, పూర్వము కురిసినంత వానయే ఇప్పుడు కురిసినను, నీటిమట్టము పూర్వముకంటె హెచ్చుగా నుండవలెను గదా! ఒక్క యేటి వరదను చూచి ఈ సంగతి చెప్పుటకు వీలులేదు. ఆ యేడు వానయే అధికమై యుండవచ్చును. పెక్కు సంవత్సరముల అంకెలను ప్రక్కప్రక్కన పేర్చి పోల్చవలెను. లెక్క ముగియగా, నదిగర్భము చెప్పుకొనదగినంతగా పెరుగలేదని తేలెను. కట్టలు పెంచుట అనవసరమనియు, ఎగువను ఆనకట్టలు కట్టి నీటిని ఆపుట మేలనియు ఆయన సూచించెను. మహానదిని గూర్చి ఆయన చేసిన లెక్కలు, 1957లో ప్రారంభమైన హీరాకుడ్ ఆనకట్టకు ఆధారములైనవి.

కట్టలే పెంచియుండినచో ధనము వ్యర్థమగుట యటుండనిండు. వాని చాటున ప్రజలు భయము మాని నిదురించెడివారు. అంతకన్న ప్రమాదమేమి కలదు?

ఇంజనీర్లను తక్కువచేయుట నా ఉద్దేశము కాదు. ఈ కథలో నాకు మిక్కిలి గౌరవపాత్రులుగా తోచువారు వేరొకరు. వానలో తడియుచు కొలబద్దను చూచి నీటిమట్టమును వ్రాసిపెట్టిన చిరుద్యోగుల పేర్లు ఎవ్వరికిని తెలియవు. వారు బద్ధకించి నిన్నటి అంకెనే నేడును వేసియుండినచో, మహలనోబిస్ అంతటివాడును తప్పుదారి పట్టెడివాడు. నేటి కంప్యూటరు సంగతియు నింతే. లక్షల అంకెలను క్షణములో కూడి, హెచ్చించి యిచ్చును గాని, అబద్ధపు అంకెకును నిజమైన అంకెకును గల భేదమును తనంత తానెరుగదు.

అందుచే, సగటులు నేర్పు పాఠమున మామిడిపండ్ల లెక్కలతోపాటు మన మండలపు వర్షపాతమును గూడ చేర్చవలెనని నా కోరిక. 10 సంవత్సరముల వానను ఒక వరుసగను, ఊరి చెరువు నీటిమట్టమును మరియొక వరుసగను నల్లబల్లపై వ్రాసి చూపినచో, చెరువు పూడినదో, వానయే తగ్గినదో పిల్లలే వాదించుకొందురు.