పెట్టె బరువు తీశాక మాట్లాడండి

గల్లాపెట్టె వెనక గోడకు అద్దాల ఫ్రేములో నాలుగు మాటలు: నిజాయితీ, నాణ్యత, గౌరవం, నమ్మకం. వాటి కిందే ఎలక్ట్రానిక్ కాటా. కాటా మీద అట్టపెట్టె, అందులో కాజూ కత్లీ. పెట్టెతో కలిపి సరిగ్గా కిలో. ఇలాంటి స్వీట్ షాపు లేని ఊరు మనకుందా?

పెట్టె 80 గ్రాములనుకుందాం. మిఠాయి కిలో 1,000 రూపాయలైతే కొన్నవాళ్లు 80 రూపాయలు పోసి అట్టముక్క కొనుక్కున్నారు. పండగపూట వంద పెట్టెలు అమ్మితే 8,000. ఆ కాటాకే ‘టేర్’ అని ఒక బటన్ ఉంటుంది. ఖాళీ పెట్టె పెట్టి దాన్ని నొక్కితే అంకె సున్నాకొస్తుంది, ఆపైన పడేదంతా మిఠాయి బరువే. అరక్షణం పని. నికర బరువుకే డబ్బు తీసుకోవాలని చట్టం కూడా చెబుతోంది. అయినా ఆ బటన్ మీదికి వేలు పోదు.

వ్యాపారంలో విలువ అంటే, దానికోసం యజమాని ఎంత వదులుకోవడానికి సిద్ధపడ్డాడో ఆ రూపాయల లెక్కే. ఆ షాపులో నిజాయితీ ఖరీదు పండగపూట 8,000. అంత వదులుకోలేకపోతే ఆ మాట గోడ మీద ఉండటానికి వీల్లేదు. గిట్టదంటారా? కిలో 1,087 రూపాయలని బోర్డు మీద రాసి, సరైన తూకం వేయండి. మీకొచ్చే డబ్బు అంతే. కాకపోతే కొనేవాళ్లు తెలిసి ఇస్తారు.

ఇప్పుడు చిన్న వ్యాపారులకు ‘కోర్ వాల్యూస్’ రాసిపెట్టే కన్సల్టెంట్లు బయల్దేరారు. హోటల్ ఏసీ హాల్లో ఒక పూట, రంగురంగుల చీటీలు, చివరికి తేలేవి ఎప్పుడూ ఆ నాలుగైదు మాటలే. టిఫిన్ సెంటరుకూ, మందుల షాపుకూ, ప్రింటింగ్ ప్రెస్సుకూ ఒకే మాటలు ఎలా సరిపోతాయి? ఎవరికైనా సరిపోయే మాట ఎవర్నీ కట్టిపడేయదు. అమెరికాలో ఎన్రాన్ తన 2000 వార్షిక నివేదికలో గౌరవం, నిజాయితీ అని అచ్చేసుకుని 2001 డిసెంబరుకల్లా దివాలా తీసింది. మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌కు 2008లో కార్పొరేట్ పాలన బాగుందని గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. 2009 జనవరి 7న దాని ఛైర్మనే లెక్కలు తప్పుడువని ఉత్తరం రాశాడు.

అవి పెద్ద కంపెనీలు, మాతో పోలికేమిటని అడుగుతారు. నా కోపమంతా అందుకే. అక్కడ ఛైర్మన్‌కూ కొనేవాడికీ మధ్య పది అంచెల మనుషులుంటారు. మీ కాటా మీ చేతికందే దూరంలో ఉంది. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా రేపు పొద్దున్నే మార్చగలిగిన మీరు కూడా మార్చకపోతే ఇంకెవరు మారుస్తారు?

నూనె సంగతే చూడండి. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే వాడకూడదన్న నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. గోడ మీద ‘నాణ్యత’ అని ఉంటే వంటమాస్టరు చేయగలిగిందేమీ లేదు. ‘సాయంత్రం మిగిలిన బాండీ నూనె మర్నాడు వాడం’ అని ఉందనుకోండి, ఆ నూనే మళ్లీ పొయ్యెక్కించమన్న యజమానికి అతను గోడ చూపించి అడగగలడు. యజమానిని నిలదీయడానికి పనికొచ్చేలా రాయాలి. పనికిరాదంటే అది రాత కాదు, అలంకారం.

అలాంటి మాటలు ఏసీ హాల్లో దొరకవు. ఓ రాత్రి షట్టర్ సగం దించి పనివాళ్లతో కూర్చోండి. ‘నేను చెప్పానని, మనసొప్పకపోయినా మీరు చేసిన పని ఏమిటి?’ అని అడగండి. మొదటిరోజు ఎవరూ నోరు విప్పరు. ఉద్యోగం పోదన్న భరోసా కలిగాక ఒక్కొక్కటీ బయటికొస్తుంది. పాత సరుకు కొత్తదానికింద దాచింది, ఖోవా తెచ్చినాయన బాకీకోసం వస్తే ‘సార్ లేరు’ అని అబద్ధమాడింది. తమకు బిల్లులు ఆలస్యం చేసే కంపెనీల్ని తిట్టిపోసే యజమానులే ఆ ఖోవా ఆయన్ని నెలలకొద్దీ తిప్పుతారు. అక్కడ బయటపడ్డ ప్రతి పనికీ ఎదురుగా ‘ఇకమీదట చేయం’ అని రాయండి. అవీ మీ విలువలు.

పక్క షాపువాడు చవగ్గా అమ్ముతుంటే మేం మునిగిపోమా అంటారు. కొన్ని బేరాలు పోతాయి. పోవని చెప్పేవాణ్ని నమ్మకండి. ఈ ఏడాది ఒక్కటే భరించగలిగితే ఒక్కటే రాసుకోండి. మిగతావి గోడకెక్కించకండి.

ఇక ఆ ఫ్రేములోని ‘గౌరవం’. దానికెదురుగానే కౌంటర్ వెనక అమ్మాయిలు పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉంటారు. జనం లేని మధ్యాహ్నం కూడా కూర్చోనివ్వరు, కూర్చుంటే షాపు డల్‌గా కనిపిస్తుందట! దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఇవ్వడానికి కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలే తేవాల్సి వచ్చింది. మన షాపుల్లో దీనికి చట్టం కోసం చూడాలా? నాలుగు స్టూళ్లు చాలు. వాళ్లకు కూర్చునే చోటు ఇచ్చేదాకా ఆ మాట మీద గుడ్డ కప్పి ఉంచండి.