నేర్పే బాధ్యత తప్పించుకుంటే రిజర్వేషన్ ఎక్కడ?

ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లు లేవంటాం. ఉద్యోగాల వరకు నిజమే, శిక్షణకు కాదు. 1961 అప్రెంటిస్ చట్టం సెక్షన్ 3ఎ ప్రకారం 'డిజిగ్నేటెడ్' ట్రేడుల్లో ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ స్థానాలు కేటాయించాల్సింది యజమానే. ప్రైవేటు యజమాని కూడా. మన సభల్లో ఈ సెక్షన్ ఊసు తక్కువ, ఎందుకో!

2014 సవరణ 'ఆప్షనల్' ట్రేడులు తెచ్చింది. అక్కడ ఏం నేర్పాలో యజమాని ఇష్టం. సెక్షన్ 3ఎలో వాటి ప్రస్తావన లేదు.

హైదరాబాద్ ఐటీలోనైతే ఇప్పుడు మాటంతా 'సెల్ఫ్ లెర్నింగ్' గురించే. ప్రాజెక్టు లేక బెంచి మీదున్నవాళ్లు క్లౌడో, ఏఐయో సొంతంగా నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆన్‌లైన్ కోర్సు అందరికీ ఒకటే. కానీ ఏది నేర్చుకుంటే ఏ ప్రాజెక్టు దొరుకుతుందో చెవిలో చెప్పే సీనియర్ అందరికీ ఉండడు. ఆ మాట బంధుత్వాల్లో, కాలేజీ స్నేహాల్లో తిరుగుతుంది. ఇంట్లో మొదటి ఇంజినీరైన మన పిల్లకు చదువు అప్పు వాయిదా, ఊరికి పంపే డబ్బు పోగా అమీర్‌పేట ఫీజుకు మిగిలేదెంత? చివరికి 'నైపుణ్యం పెంచుకోలేదు' అని తీసేస్తే, ఆ కాగితంలో కులం ఎక్కడా కనబడదు.

ఆప్షనల్ ట్రేడులనూ సెక్షన్ 3ఎ కిందకు తేవాలని మేం అడుగుతున్నాం. కంపెనీకి కావలసిన చదువు కంపెనీ ఖర్చుతో, పని గంటల్లోనే సాగాలి.