గోదారి మీద పడవకు ఎన్ని గుర్రాలు కట్టాలె?

ఫోన్ తెరిస్తే చాలు, ఏడివో చెరువుల మీద బుర్రున పోయే చిన్న బోట్లే. వెనక మోటర్, చేతిల గాలం, పక్కన ఐస్ డబ్బా. పినపాక, మణుగూరు, చర్ల దిక్కు మన పిలగాండ్లు గూడా ఇప్పుడు అదే అడుగుతున్నరు. "అన్నా, మన పడవకు ఏ మోటర్ మంచిది? 5 హార్స్ పవర్ సాలుతదా, 15 పెట్టాల్నా?" అడిగేటోళ్లల్ల ఆదివారం సరదాకు గాలం ఏసేటోళ్లు ఉన్నరు. వల మీద బతికే ఇండ్ల పిలగాండ్లు గూడా ఉన్నరు.

ఇద్దరి ప్రశ్న ఒక్కటే. తప్పు మోటర్ కొంటే తగిలే దెబ్బ మాత్రం వేరు. సరదాకు కొన్నోడు మోటర్ అమ్ముకుంటడు. అప్పు తెచ్చి కొన్నోడు పడవ అమ్ముకుంటడు. అందుకే ఈ ముచ్చట షాపోడికీ, యూట్యూబోడికీ ఇడిసిపెట్టేది కాదు.

నా మాట ముందే చెప్తున్న. మన దగ్గర చిన్న పడవకు 2 నుంచి 5 హార్స్ పవర్ దాటి అక్కర్లేదు. ఏ కంపెనీ అనేకంటే ముందు, అది ఖరాబైతే ఎవరు బాగుచేస్తరో చూడాలె. చేపల మీద బతికేటోళ్లు ఒక్కొక్కలు అప్పుచేసి కొనేకంటే సంఘం పేరు మీద తెచ్చుకోవాలె. ఎందుకో ఒక్కొక్కటి చూద్దాం.

రాళ్ల ముంగట ఇంగ్లీషోడే ఆగిండు

గోదారి మీద ఇంజిన్ నడపాలన్న ఆశ పాతదే. 19వ శతాబ్దంల ఆర్థర్ కాటన్ అసొంటి ఇంజినీర్లు సముద్రం దిక్కు నుంచి పైన మధ్య ఇండియా దాకా ఆవిరి పడవలు తిప్పాలని చూసిన్రు. దుమ్ముగూడెం కాడ ఆనకట్ట, కాలువ, పడవలు ఎక్కి దిగే లాకులు కట్టింది గా పని కోసమే. నది నడుమ రాతి గుట్టలు, ఎండాకాలం ఎండిపోయే నీళ్లు, పెరిగిపోయిన ఖర్చు కలిసి 1871ల ఆ పని ఆగిపోయింది. సర్కారు ఖజానా ఉన్నోడే ఆగిన కాడ మనం 15 హార్స్ పవర్ పెట్టి గెలుస్తమా?

మన నది తీరు మనకు ఎరికే. ఎండాకాలం ఇసుక మేటలు, మోకాళ్ల లోతు పాయలు, నీళ్ల కింద కనపడని బండలు. వానాకాలం ఇదే నది మనిషిని గుర్తుపట్టదు. 2022 జులై 16న భద్రాచలం కాడ 71.3 అడుగులు వచ్చింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తరంటే లెక్క చేసుకోండ్రి. మోటర్ కొనేటప్పుడు ఈ రెండు గోదారులనూ మనసుల పెట్టుకోవాలె.

పెద్ద ఇంజిన్ పెడితే పడవ ఉరుకుతదా?

ఇది అందరూ పడే భ్రమ. నీళ్లను కోసుకుంట పోయే నాటు పడవకు దాని పొడుగే హద్దు. నీళ్లల్ల మునిగిన పొడుగు అడుగులల్ల కొలిచి, దానికి వర్గమూలం తీసి, రెండున్నరతో గుణించండ్రి. గంటకు అన్ని కిలోమీటర్ల కాడ ఆ పడవ ఇంచుమించు ఆగిపోతది. 16 అడుగుల పడవకు వర్గమూలం 4, రెండున్నరతో గుణిస్తే 10. గంటకు 10 కిలోమీటర్లు. 25 అడుగుల పడవైనా పన్నెండున్నరే.

ఆ హద్దు కాడికి పోవడానికి చిన్న పడవకు 4, 5 హార్స్ పవర్ సాలు. ఆ పైన పెట్టిన ప్రతి గుర్రం పడవ ముక్కును లేపి, వెనక భాగాన్ని ముంచి, పెట్రోల్ తాగుతది. రీళ్లల్ల నీళ్ల మీద తేలుకుంట ఉరికే బోట్లు వేరు. వాటి అడుగు సదునుగా ఉంటది, బరువు తక్కువ, అవి పుట్టిందే దానికి. మన పడవకు బస్సు ఇంజిన్ పెట్టినా అట్ల లేవదు.

పెట్రోల్ లెక్క గూడా చూడండ్రి. ఫోర్ స్ట్రోక్ మోటర్ పూర్తి వేగంతో నడిస్తే ఒక్కో హార్స్ పవర్‌కు గంటకు సుమారు 400 మిల్లీలీటర్లు కాలుస్తది. అంటే 5 హార్స్ పవర్‌కు గంటకు 2 లీటర్లు, 15కు 6 లీటర్లు. పడవ పోయే వేగం దాదాపు గంతే. ఆ మిగిలిన 4 లీటర్ల పైసలు ఎన్ని కిలోల చేపలతో వస్తయో మీ ఊరి ధరతో మీరే లెక్కగట్టుకోండ్రి.

ఏ రకం దేనికి పనికొస్తది?

మొదటిది, టూ స్ట్రోక్ మోటర్. తేలికగా ఉంటది, విప్పి చూసేటోడికి అర్థమైతది. పెట్రోల్‌ల ఆయిల్ కలపాలె, కంపెనీ 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. తక్కువైతే ఇంజిన్ పట్టేస్తది. పాత రకం కార్బురేటర్ టూ స్ట్రోక్‌లల్ల నాలుగో వంతు దాకా పెట్రోల్ కాలకుండనే బయటికి పోతది. పోయేది ఏడికి? మనం వల ఏసే నీళ్లల్లకే. అమెరికా, యూరప్‌లల్ల ఈ రకం పక్కకు పోయింది గందుకే.

రెండోది, ఫోర్ స్ట్రోక్. యమహా, సుజుకి, హోండా, తొహాట్సు కంపెనీలన్నీ చిన్నవి చేస్తున్నయి. రెండున్నర హార్స్ పవర్ దగ్గరివి 13 నుంచి 17 కిలోలు, 5, 6 హార్స్ పవర్‌వి 25 కిలోలకు అటూ ఇటూ. పెట్రోల్ తక్కువ తాగుతది, సప్పుడు తక్కువ. దీంట్ల మనం చూసుకోవాల్సింది చల్లబడే పద్ధతి. ఎక్కువ మోటర్లు నది నీళ్లను లోపలికి గుంజి చల్లబడతయి. ఆ నీళ్లను తోడే రబ్బరు రెక్కను మన ఇసుక నీళ్లు అరగదీస్తయి. మోటర్ వెనక నుంచి సన్నగా నీటి ధార పడుతుందా లేదా అని ఎప్పుడూ ఓ కన్నేసి ఉంచాలె. ధార ఆగితే ఇంజిన్ ఆపాలె. హోండాల 2.3 హార్స్ పవర్ రకం గాలితోనే చల్లబడతది, ఇసుక నీళ్లకు అది ఒక లాభం. సప్పుడు మాత్రం ఎక్కువ.

మూడోది, పొడుగు తోక డీజిల్ ఇంజిన్. థాయ్‌లాండ్ నదులల్ల పేరుపడ్డ పద్ధతి ఇది. ఆంధ్ర తీరంల ఫైబర్ తెప్పలకు గ్రీవ్స్ లాంబార్డిని ఇంజిన్లు ఇట్లనే కడతరు. ఇంజిన్ పడవలనే ఉంటది, పొడుగు రాడ్డు చివర ఫ్యాన్ తిరుగుతది. ఇసుక మేట వస్తే తోకను పైకి లేపి దాటొచ్చు. వాయి కట్టే మోటర్‌కు ఈ వీలు తక్కువ. పొలం కాడ నీళ్లు తోడే ఇంజిన్‌కూ దీనికీ పెద్ద తేడా లేదు కాబట్టి ఏడూళ్ల బయ్యారం క్రాస్ రోడ్డు కాడనో, మణుగూరులనో డీజిల్ మెకానిక్ చెయ్యి పెట్టగలడు. కష్టాలు గూడా ఉన్నయి. బరువు, అదురు, చెవులు పగిలే సప్పుడు, ముసుగు లేని ఫ్యాన్. పక్కన ఈదేటోడి కాలుకు తగిలితే ఆ కాలు దక్కదు.

నాలుగోది, బ్యాటరీ మోటర్. గాలం ఏసేటోళ్లకు దీని మీద మస్తు మోజు, ఎందుకంటే సప్పుడు చెయ్యదు, చేప బెదరదు. లెక్క ఇట్లుంది. 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీల ఉండేది 1.2 యూనిట్ల కరెంటు. 55 పౌండ్ల తోపుడు అని అమ్మే మోటర్ పూర్తి వేగంల 50 ఆంపియర్లు గుంజుతది. అంటే 2 గంటలు. మామూలు ఇన్వర్టర్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు పోతది కాబట్టి నిజానికి ఒక్క గంట. దాని శక్తి ఒక్క హార్స్ పవర్ గూడా కాదు. నిలిచిన చెరువుల బాగుంటది. ఎదురు నీళ్లల్ల, చీకటి పడేయాళ్లకు ఇల్లు చేరాల్సినోడు దీన్ని నమ్ముకోవద్దు. బ్యాటరీ పడవ అంటేనే ఆట వస్తువని గాదు. కేరళల వైకోం కాడ 2017 నుంచి 'ఆదిత్య' అనే సోలార్ పడవ జనాన్ని దాటిస్తున్నది. దానికి తగ్గ పలకలు, బ్యాటరీలు పెట్టి కట్టిన్రు కాబట్టి నడుస్తున్నది.

ఇవిగాక ఆన్‌లైన్‌ల గడ్డి కోసే మిషన్ ఇంజిన్‌కు తోక తగిలించి అమ్మేవి ఉన్నయి. 52 సీసీ ఇంజిన్ మీద 7 హార్స్ పవర్ అని రాసి ఉంటే నవ్వుకోండ్రి. పేరున్న ఫోర్ స్ట్రోక్‌లల్ల రెండున్నర హార్స్ పవర్‌కే 70 సీసీ దాకా, 5, 6 హార్స్ పవర్‌కు 125 నుంచి 140 సీసీ దాకా పెడుతున్నరు. టూ స్ట్రోక్ అని కొంత ఎక్కువిచ్చినా 52 సీసీల 7 గుర్రాలు పట్టయి.

కొనేముందు పడవను చూసుకోండ్రి

మోటర్‌ను వాయి కట్టాలంటే పడవ వెనక సదునైన గట్టి చెక్క ఉండాలె. మన నాటు పడవలు చానా మటుకు రెండు దిక్కులా మొనదేలి ఉంటయి. పక్కకు ఇనుప బ్రాకెట్ కొట్టించి బిగిస్తే బరువు ఒక్క దిక్కు గుంజుతది, ఆపక్క ఏదో ఒకటి పెట్టి సరిచెయ్యాలె. థర్మాకోల్ తెప్పకైతే మోటర్ ఆలోచనే వద్దు. ఒక్క కుదుపుకు మనిషి, మోటర్ రెండూ నీళ్లల్లనే.

తోక కొలత మరిచిపోవద్దు. 15 అంగుళాలది పొట్టి, 20 అంగుళాలది పొడుగు. వెనక చెక్క ఎత్తు తక్కువున్న పడవకు పొడుగు తోక పెడితే బండలకు తగులుతది. వెనక చెక్క ఎత్తు ఎక్కువున్న పడవకు పొట్టిది పెడితే ఫ్యాన్ గాలిల తిరుగుతది. చిన్న మోటర్ల ఫ్యాన్ కాడ చానా వాటికి ఒక పిన్ను ఉంటది. బండకు తగిలితే అది తెగి లోపలి పళ్లను కాపాడతది. అట్లాంటివి నాలుగు జేబుల లేకుండ పోతే నది నడుమ తెడ్డే దిక్కు. తెడ్డు గూడా ఇంటికాడ పెట్టి పోయేటోళ్లకు చెప్పేదేం లేదు.

ఇంజిన్ ఆపే తాడు చేతికి కట్టుకోండ్రి, లైఫ్ జాకెట్ ఒంటి మీద ఏసుకోండ్రి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు కాడ వరద గోదారిల మునిగింది పెద్ద ఇంజినున్న టూరిస్టు బోటే. వరద పారేటప్పుడు ఏ చిన్న మోటరూ ధైర్యం ఇయ్యదు.

గుర్రాల పోటీల గెలిచేది ఎవరు?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కేరళ తీరంల 1980లల్ల చిన్న పడవలకు మోటర్లు వచ్చినయి. 7, 8 హార్స్ పవర్‌తో మొదలైంది. పక్కోడు పెద్దది పెడితే మనం ఇంకా పెద్దది పెట్టాలె అనుకుంట 25, 40 దాకా పోయింది. చేప పెరగలే, నూనె ఖర్చు పెరిగింది, అప్పు పెరిగింది. గోదారి సముద్రమంత గూడా లేదు. ఇక్కడ ఆ పోటీ మొదలైతే తెడ్డు పడవోడు ముందు పోతడు, తర్వాత చేప పోతది. మోటర్ ఫ్యాన్ పక్కోడి వలను కోసిందంటే ఆ రోజు నుంచి రెండు వాడల నడుమ మాట గూడా పోతది.

ఇంకో సంగతి. అశ్వాపురం మండలం అమ్మగారిపల్లి కాడ సీతమ్మ సాగర్ బ్యారేజీ తలపెట్టిన్రు. నీళ్లు నిలిచిన నాడు పైన నది తీరు మారుతది. లోతు పెరుగుతది, ఒడి తగ్గుతది, పెద్ద బోట్లకు దారి దొరుకుతది. అప్పుడు పెద్ద మోటర్లు, పెద్ద వలలు పట్టుకొని బయటి కాంట్రాక్టర్ దిగితే మన కోయ గూడేల పిలగాడు, బెస్తోళ్ల పిలగాడు ఒడ్డు మీద నిలబడి రీల్ తీసుకోవాల్నా? ఇవాళ మోటర్ గురించి అడిగేటోళ్లు ఈ ప్రశ్న గూడా ఇవాళనే అడగాలె.

చేతిల చట్టాలున్నయి. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక హక్కులల్ల చేపలు, నీటి వనరుల నుంచి వచ్చే వాటిని పేరు పెట్టి రాసింది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ఏరియాల చిన్న నీటి వనరుల ప్లానింగ్, నిర్వహణ పంచాయతీలకు అప్పజెప్పాలన్నది. 2020ల వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనల లబ్ధిదారుల పథకాలకు మామూలోళ్లకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఆడోళ్లకు 60 శాతం దాకా సబ్సిడీ పెట్టిన్రు. ఇంకోదిక్కు 2021 ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం ఇంజిన్ పడవలకు సర్వే, రిజిస్ట్రేషన్ అడుగుతది. అంటే తెడ్డు పడవకు మోటర్ బిగించిన నాడే కాగితాల లెక్క మారుతది. అభయారణ్యం హద్దులల్ల చేపలు పట్టాలంటే అటవీశాఖ అనుమతి వేరే. సరదాకు పోయేటోళ్లు ఇది ముందే తెలుసుకోవాలె.

కాబట్టి అడగాల్సినవి ఇవి. మత్స్య సహకార సంఘాలకు, గిరిజన సంఘాలకు ఉమ్మడిగా చిన్న మోటర్లు ఇయ్యాలె, 5 హార్స్ పవర్ దాటకుండ. మోటర్‌తో పాటు విడి భాగాలు, లైఫ్ జాకెట్లు ఇయ్యాలె. ఊరికి ఇద్దరు పిలగాండ్లకు, అందుల ఒక ఆడపిల్లకు, మోటర్ బాగుచేసే ట్రైనింగ్ ఇయ్యాలె. మెకానిక్ లేని మోటర్ ఏడాది తిరిగేసరికి పాత సామాన్ల బండెక్కుతది. ఏ పాయల మోటర్ తిప్పొచ్చు, ఏ పాయ తెడ్డు పడవలకే ఇడవాలె, చేప గుడ్డు పెట్టే వానకాలంల ఎన్ని రోజులు ఆపాలె అన్నది గ్రామసభల రాసుకోవాలె. ఇది ఆఫీసరు చెప్తే నడవది, మనం రాసుకుంటే నడుస్తది.

సరదాకు పోయే తమ్ముళ్లకు ఒక్క మాట. చెరువైతే బ్యాటరీ, గోదారైతే రెండున్నర హార్స్ పవర్ ఫోర్ స్ట్రోక్, పడవల తెడ్డు. వల కనపడితే ఇంజిన్ ఆపి తెడ్డేసుకుంట దాటండ్రి. మీకది ఆదివారం సరదా, అవతలోడికి ఆ పూట బువ్వ.

వల మీద బతికే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇంకో మాట. ఫోన్ల మోటర్ ధర చూసే ముందు మీ సంఘం రిజిస్టర్ల మీ ఇంటి పేరు ఉన్నదా లేదా చూడండ్రి. లేకుంటే ముందు అది ఎక్కించుకోండ్రి. పేరు లేనోడికి రేపు నిలిచే నీళ్లల్ల వాటా ఉండదు, ఎన్ని గుర్రాలు కట్టినా.