సూది గుచ్చుకుంటే దాచకండి

మన సోలాపూర్‌ల మిల్లులు బందైనంక చాలా ఇండ్ల పిల్లలు దవాఖాన పనికి పోతున్నరు. కొందరు నర్సులు. ఎక్కువమంది ఆయాలు, వార్డుబాయ్‌లు, ఊడ్చేటోళ్లు, అదీ కాంట్రాక్టు మీద. ఈ నెల మాట వాళ్ల కోసమే.

రోగి దగ్గితేనే జబ్బు అంటుతదని మనం అనుకుంటం. రక్తంతోటి అంటేవీ ఉన్నయి. ముఖ్యమైనవి మూడు: హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్‌ఐవి. మొదటి రెండూ కాలేయాన్ని చెడగొడతయి. సూది వేసేది ఒకరు. అది గుచ్చుకునేది చాలాసార్లు చెత్త సంచి ఎత్తేటోళ్లకు, పక్కదుప్పట్లు తీసే ఆయాకు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోవడం, పల్చటి సంచిలో పడేయడం, డబ్బా నిండినా కుక్కడం, రాత్రి డ్యూటీ అలసట, ఇవే ముప్పు తెచ్చేవి.

జబ్బున్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవి అంటేది వెయ్యిమందిలో సుమారు ముగ్గురికి. బి మాత్రం, టీకా లేనోళ్లల్ల వందకు 6 నుంచి 30 మందికి అంటవచ్చు. భయమంతా హెచ్‌ఐవి మీద, ముప్పు ఎక్కువ బి తోటి. దానికి టీకా ఉన్నది: మొదటి సూది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. చెత్త ఎత్తేటోళ్లకు కూడా ఈ టీకా దవాఖానే వేయించాలని 2016 నాటి దవాఖాన చెత్త నియమాలల్ల ఉన్నది. వాడిన సూదులు గుచ్చుకోని గట్టి తెల్ల డబ్బాలో వెయ్యాలనీ ఉన్నది. అడిగితే తప్పు కాదు, అది మన హక్కు.

సూది గుచ్చుకుంటే పిండకండి, నోట్లో పెట్టుకోకండి. సబ్బు, పారే నీళ్లతోటి కడిగి వెంటనే పెద్ద నర్సుకు చెప్పాలె. హెచ్‌ఐవి మందు రెండు గంటల లోపల మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే పని చెయ్యదు. మొత్తం 28 రోజులు వాడాలె.

పని పోతదని చాలామంది దాస్తరు. మిల్లుల చేతికి దెబ్బ తగిలితే రిజిస్టర్‌ల రాయించేదాకా మనం కదలకపోయేది. రాయని దెబ్బకు పరిహారం ఎవరిస్తరు? సూది పోటుకు మచ్చ కూడా మిగలదు. బి, సి జబ్బులు ఏండ్లకు గానీ బయటపడవు. అప్పుడు సాక్ష్యం ఆ కాగితమే. అందుకే తారీఖు, టైము వేయించి రాయించుకోవాలె, అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలె.

దవాఖానలో పనిచేసే బిడ్డ ఇంట్ల ఉంటే ఈ రాత్రి అన్నం కాడ అడగండి: మూడు సూదులూ అయినయా అని.