"నీ వంతురా, తొందరగా కానీ!"

సెలవుల్లో నలుగురు పిల్లలు కూర్చుని ఆడుకుంటుంటే ఈ కేక మీ ఇంట్లోనూ వినబడే ఉంటుంది. చదరంగమైనా, పులిజూదమైనా, తన వంతు రాగానే ఆలోచిస్తూ ఉండిపోయే పిల్లవాడు ఒకడుంటాడు. మిగతావాళ్లు మొదట గొణుగుతారు. తర్వాత "ఇలా ఆడరా" అని వాళ్లే చెప్పేస్తారు. మర్నాడు వాణ్ని ఆటకే పిలవరు. వాడిది బద్ధకమనీ, తెలివి తక్కువనీ అనుకోకండి. వంతు వచ్చేదాకా ఆలోచన మొదలుపెట్టకపోవడమే అసలు చిక్కు.

ఇది బాగా బయటపడే ఆట 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట. 'స్ట్రేంజర్ థింగ్స్' సీరియల్లో పిల్లలు ఆడేది ఇదే. అందులో చూసో, అమెరికా నుంచి సెలవులకొచ్చిన పెద్దమ్మగారి పిల్లల దగ్గరో మీ పిల్లలు నేర్చుకుని ఉండొచ్చు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లది తలా ఒక పాత్ర: యోధుడు, మంత్రగాడు, దొంగ. కాగితం, పెన్సిల్, పాచికలు ఉంటే చాలు. కథ నడిచినంతసేపూ అందరూ మాట్లాడుతూనే ఉంటారు. నాటకాలు చూసిన తెనాలి వాళ్లకు ఇది వింతేమీ కాదు.

యుద్ధం మొదలైతే మాత్రం వంతుల వారీగా ఆడాలి. కథలో ఒక రౌండ్ అంటే 6 సెకన్లే. అయిదుగురు పిల్లలు తలా 4 నిమిషాలు తీసుకుంటే ఆ 6 సెకన్లు గడవడానికి 20 నిమిషాలు పడుతుంది. రాక్షసుల వంతు దీనికి అదనం. ఆడేసినవాడు మళ్లీ తన వంతు కోసం పావుగంట పైన కాచుకోవాలి. ఈలోగా చేతిలోకి ఫోన్ వస్తుంది. ఫోన్లో మునిగినవాడికి ఏ రాక్షసుడు ఎక్కడున్నాడో తెలియదు. వంతు రాగానే మొదటి నుంచి అడుగుతాడు. ఇంకో 4 నిమిషాలు పోయినట్టే.

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైల్లో వేమూరులో దిగేవాళ్లని చూడండి. బండి ఆగాక సీట్లోంచి లేవరు. ముందే సంచి భుజాన వేసుకుని తలుపు దగ్గరికి చేరతారు. ఆటలో కూడా కథ నడిపేవాళ్లు "ఇప్పుడు అక్క, తర్వాత నువ్వు" అని రెండు పేర్లూ కలిపి పిలిస్తే చాలు, రెండోవాడు సర్దుకుంటాడు. నేను చెప్పే వాటిలో ఒక్కటే పాటిస్తానంటే ఇదే పాటించండి.

రెండో అడ్డంకి పాత్ర వివరాలున్న కాగితం. అది ఇంగ్లీషులో, చిన్న అక్షరాలతో, గళ్లతో కిక్కిరిసి ఉంటుంది. మంత్రగాడి పాత్రయితే మరీను. "యుద్ధంలో నువ్వు చేయగలిగే నాలుగు పనులు రాసుకో" అని ఒక చిన్న అట్టముక్క ఇవ్వండి. తెలుగులో రాసినా సరే. వాడే రాయాలి, మీరు రాసిపెట్టొద్దు. ఇక దెబ్బ తగిలిందో లేదో తేల్చే 20 ముఖాల పాచికనీ, ఎంత దెబ్బో చెప్పే పాచికనీ కలిపి ఒకేసారి వేయమనండి. తగలకపోతే రెండోదాన్ని వదిలేస్తారు, అంతే.

గడియారం పెడితే పోదా అని కొందరు అడుగుతారు. మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 2019లో, 2024లో ప్రపంచ ర్యాపిడ్ చెస్ టైటిల్ గెలిచింది గడియారంతోనే కదా అంటారు. నిజమే. ఆ పోటీల్లో ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తు ఎత్తుకీ 10 సెకన్లు అదనం. కానీ చెస్ ఆడేవాళ్లు ప్రత్యర్థి గడియారం నడుస్తున్నప్పుడు కూడా ఆలోచిస్తూనే ఉంటారు. ఆ అలవాటు లేని పదేళ్ల పిల్లవాడి ముందు ఇసుక గడియారం తిప్పితే, వాడు రాక్షసుణ్ని వదిలేసి ఇసుకనే చూస్తాడు. కొత్తవాళ్లకు గడియారం వద్దనే నేనంటాను.

అంతకంటే హాని పక్కనుంచి ఎత్తులు చెప్పే అన్నయ్యలతో, ఒక్కోసారి నాన్నలతో. ఆట వేగంగానే సాగుతుంది, కానీ ఆడేది అన్నయ్య. అడిగితేనే చెప్పాలని ముందే ఒప్పందం చేసుకోండి. ఇదంతా పరీక్షల్లో స్పీడుకి పనికొస్తుందా అని మాత్రం లెక్కలు వేయకండి. ఈఏపీసెట్ సంగతి చూడటానికి వేరే రోజులున్నాయి.

అయినా ఒక్కోసారి పిల్లవాడికి ఏమీ తోచదు. అప్పుడు ఏం చేయాలో కూడా ఆట మొదట్లోనే అనుకోండి: తోచకపోతే వాడి పాత్ర దెబ్బ కాచుకుంటూ నిలబడుతుంది. అది ఆట నిబంధనల్లో ఉన్నదే. వాడి మళ్లీ వంతు వచ్చేదాకా శత్రువుకి వాణ్ని కొట్టడం కష్టమవుతుంది. "కాచుకుంటున్నాను" అనడానికి రెండు సెకన్లు చాలు. వంతు వృథా కాదు, ఎవరూ నవ్వరు, పక్కవాడు పాచిక అందుకుంటాడు.