ఎక్కడ సంతకం పెడతాడు?



రాత్రి అన్నాలు అయినంక పేపర్లో ఆటల పేజీ చుట్టూ గుంపు చేరి మన హాస్టల్‌లో ఒకటే వాదన. ఫలానా ఆటగాడికి క్లబ్బుతో ఒప్పందం అయిపోయింది, ఇప్పుడు ఏ టీంలో చేరతాడు? ఒకడు సౌదీ అంటడు, ఇంకొకడు అమెరికా అంటడు. రేపటి కోడిగుడ్డు పందెం! చివరికి వాడు మనం అనుకోని చోట చేరితే "డబ్బుకు అమ్ముడుపోయిండు" అని తిట్లు. ఊహించడం తప్పు కాదు. ఆ తిట్టు మాత్రం తప్పని నా అభిప్రాయం.

ఉగాదికి ఏడాది జీతం కుదిరిన పాలేరు, ఏడాది నిండినా అప్పు తీరలేదని ఆసామి దగ్గరే ఉండిపోయేవాడని మన పెద్దలు చెబుతారు. యూరప్ ఫుట్‌బాల్‌లోనూ దాదాపు అట్లాంటి రూలే ఉండేది. ఒప్పందం గడువు తీరినా, కొత్త క్లబ్బు డబ్బు కడితేనే పాత క్లబ్బు వదిలేది. బెల్జియం ఆటగాడు బోస్మాన్ 1990లో లీజ్ క్లబ్బు నుంచి ఫ్రాన్స్‌లోని డంకర్క్ క్లబ్బుకు పోదామంటే ఇదే అడ్డం వచ్చింది. ఆయన కోర్టుకు పోయాడు. 1995 డిసెంబర్ 15న యూరప్ న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. అప్పటికి ఆయనకు 31 ఏళ్ళు. ఆ స్వేచ్ఛ ఫలం తిన్నది తర్వాతి వాళ్ళు. అంత కష్టపడి తెచ్చుకున్న హక్కును వాడుకున్నవాడిని మనం ఎట్లా తిడతాం?

డబ్బు ఒక్కటే లెక్క కూడా కాదు. 2021 ఆగస్టులో మెస్సీ బార్సిలోనాలోనే ఉండాలనుకున్నాడు. లీగ్ ఖర్చుల నిబంధనలు అడ్డం వచ్చి క్లబ్బు ఒప్పందం చేయలేకపోయింది. ఆయన ఏడ్చుకుంటూ వెళ్ళి పారిస్‌లో చేరాడు. 2023 జూన్‌లో సౌదీ క్లబ్బు అంతులేని డబ్బు చూపించినా ఆయన మియామీ పోయాడు. డబ్బు మీద పందెం కాసినవాళ్ళంతా ఓడిపోయారు.

మన హైదరాబాద్ హబీబ్ సంగతి చూడండి. 1966లో కలకత్తా పోయి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. "ఈ ఏడు హబీబ్ ఎటు?" అని ఆ ఊరి అభిమానులు కొట్లాడుకునేవారు. 1977లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ 2-2తో డ్రా చేస్తే అందులో ఒక గోల్ ఆయనదే. 2023 ఆగస్టు 15న చనిపోయినప్పుడు ఆయన్ను తలచుకోనివాళ్ళు ఏ క్లబ్బులోనూ లేరు.

ఇక మన బిడ్డ గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా తండా నుంచి బయలుదేరి గోకులం కేరళకు ఆడింది. 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్‌లో చేరింది. తర్వాత ఈస్ట్ బెంగాల్. ఆ జట్టు 2024-25 మహిళల లీగ్ గెలిచింది. 2025లో దేశంలోనే ఉత్తమ మహిళా క్రీడాకారిణి అవార్డు ఆమెకే వచ్చింది. అయితే ఆ ఏడు లీగ్ ఆడిన 8 జట్లలో తెలంగాణ జట్టు ఒక్కటన్నా లేదు! సౌమ్య ఎక్కడ సంతకం పెడుతుందని పందెం కాస్తే, మన రాష్ట్రం పేరు చెప్పే వీలే లేదు.

మగవాళ్ళ జట్టు సంగతీ అంతే. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు తెచ్చింది. రెండేళ్ళు తిరగకముందే జీతాలు అందక ఆటగాళ్ళు ఒక్కొక్కరే పోయారు. 2025లో జట్టే ఢిల్లీకి పోయి పేరు మార్చుకుంది. పోయిన ఆటగాడిని తిట్టే నోరు, ఉండే చోటు లేకుండా చేసినవాళ్ళను ఎందుకు అడగదు?

మిత్రులారా, ఇప్పుడు మన సంగతికి వస్తాను. పదో తరగతి అయిపోయి టీసీ చేతికి వచ్చిన ప్రతి అన్నా గడువు తీరిన ఆటగాడే. బాగా ఆడే అన్న గురించి అందరం ఊహిస్తాం: ఖమ్మమా, భద్రాచలమా? వేరే కాలేజీలో చేరి మన మీదే ఆడితే "ద్రోహి" అంటాం. ఆడనీయండి, మనకేం పోయింది! మన గ్రౌండులో నేర్చినదే కదా ఆడేది. అసలు ప్రశ్న అది కాదు. ఎక్కడా సంతకం పెట్టని అన్నలు ఉన్నారు. టీసీ ట్రంకు పెట్టెలో పెట్టుకొని ఊరికి పోయి, మిరప తోటలో కాయ ఏరుతూ ఉండిపోయినవాళ్ళు. వాళ్ళ మీద ఎవడూ పందెం కాయలేదు. ఏ కాలేజీ పిలవలేదు. దరఖాస్తు ఫారం ఆఖరు తేదీ చెప్పినవాడు కూడా లేడు.

అందుకని వార్డెన్ సార్‌కు నా మనవి. ఈ గోడ పత్రిక పక్కన ఒక చార్టు కడదాం. పది పాసైన ప్రతి అన్న పేరు, ఎదురుగా చేరిన కాలేజీ పేరు రాద్దాం. ఎదురుగా ఖాళీ ఉన్న పేరు కనపడితే, ఆ ఊరి పిల్లలు సెలవులకు పోయినప్పుడు ఇంటికి వెళ్ళి అడిగి రావాలి. ఫారాలు సార్లు తెప్పించాలి, నింపే పని మేం చూసుకుంటాం. ఫెయిలైనవాళ్ళ పేర్లూ రాద్దాం, సప్లిమెంటరీ పరీక్ష ఉంది కదా.

మెస్సీ ఎక్కడ చేరతాడో మనం చెప్పకపోయినా ఆయనకు ఏ లోటూ లేదు. మన అన్న ఎక్కడ చేరాడో అడగకపోతే మాత్రం ఆయనకు ఒక ఏడాది పోతుంది. ఒక్కోసారి ఆ ఏడాదితోనే చదువూ పోతుంది. ఆలోచించండి!

- 10వ తరగతి విద్యార్థి